తాత పేరుకు పైన ఏం రాయాలి?

వంశవృక్షం రాసుకురమ్మని బడిలో చెబితే మన పిల్లలు కింద తమ పేరు రాస్తారు. పైన నాన్న, ఆపైన తాత, తెలిస్తే ముత్తాత. అక్కడితో పేర్లు అయిపోతాయి. ఎరుకల పిల్లవాడైతే ఆ పైన ఏకలవ్యుడని రాస్తాడు. సుగాలి పిల్లయితే రాణా ప్రతాప్ అని రాస్తుంది. ఇంట్లో విన్నదే రాశారు, తప్పు వాళ్లది కాదు. మరి ముత్తాతకూ ఏకలవ్యుడికీ మధ్యనున్న ఖాళీని ఏం చేయాలి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు మావాళ్లతో కూర్చున్నప్పుడల్లా మేము ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం.

"అవ్వ మాటనే అనుమానిస్తారా?" అని పెద్దలు నొచ్చుకుంటారు. ఆ నొప్పి మాకు అర్థమవుతుంది. మన చరిత్ర కాగితాల మీద తక్కువ, అవ్వల నోట ఎక్కువ. అయితే అవ్వ తాను విన్నది మనకు చెప్పింది. ఆ విన్నది జరిగిందా అని అడగడం వేరు, అవ్వ అబద్ధం చెప్పిందనడం వేరు.

తెలిసినంతవరకు చూద్దాం. ఎరుకల భాష తమిళానికి దగ్గర. సుగాలీల గోర్ బోలి రాజస్థానీ భాషలకు దగ్గర. మన పెద్దలు ఏ దిక్కు నుంచి నడిచి వచ్చారో మన నోటి మాటే సూచిస్తోంది. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద ఊరూరికీ చేర్చారన్నదానికీ ఆధారాలున్నాయి. 1860ల్లో ఈ జిల్లా మీదుగా రైలు వచ్చాక అలాంటి రవాణా దెబ్బతింది. కానీ భాష దారిని చూపుతుందే తప్ప రాజును చూపదు. మహాభారతంలో ఏకలవ్యుడు నిషాదరాజు హిరణ్యధనువు కొడుకు. అతని నుంచి మన ముత్తాత దాకా పేర్ల వరుస ఎక్కడా లేదు.

అచ్చులో ఉన్నదంతా రుజువు కాదు. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లో ఎరుకలలోని కావడి, సాత్పాడి వంటి శాఖల పేర్లకు గుడి సేవలే మూలమని ఉంది. అదీ ఎవరో చెబితే రాసుకున్నదే. మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తుల్లోనూ ఊళ్లలో విన్న కథలున్నాయి. అవ్వ మాటను ఏ తూకంతో తూస్తామో పుస్తకాన్నీ అదే తూకంతో తూయాలి.

ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. ఇలాంటి ఒక వంశకథ వల్ల మనం చాలా పోగొట్టుకున్నాం. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ పాకింది. ఎరుకలను అందులో చేర్చారు. 1913లో స్టూవర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టారు. నేరం చేయనివాళ్లు కూడా హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయింది 1952లో. "దొంగతనం వీళ్ల పుట్టుకలోనే ఉంది" అన్న మాటకు ఎవరూ రుజువు అడగలేదు. అదీ వంశం పేరుతో చెప్పిన కథే. చెప్పినవాళ్ల చేతిలో అధికారం ఉంది కాబట్టి చట్టమైంది.

ఏకలవ్యుడి రక్తం వల్ల మనం గొప్పవాళ్లమైతే, రక్తం వల్ల చెడ్డవాళ్లమన్న మాటకూ తలుపు తీసినట్టే. ఒకటి ఒప్పుకొని రెండోది కాదనలేం. ఉప్పు మోసిన తాత, బుట్టలల్లిన అవ్వ మన గౌరవానికి చాలరా? రాజు కావాలనుకోవడంలోనే వాళ్లను చిన్నచేసుకోవడం ఉంది. ఏకలవ్యుణ్ని అభిమానించండి, అతనికి జరిగిన అన్యాయాన్ని మనదిగా తలచండి. అందుకు అతను మన ముత్తాత కానక్కర్లేదు.

టీచర్లకు మా మనవి ఒకటే. పిల్లలు తెచ్చిన కాగితంలో ఏకలవ్యుణ్ని కొట్టేయకండి. పక్కన "అవ్వ చెప్పింది" అని, ఏ అవ్వో, ఏ ఊళ్లోనో రాయించండి. బడి రిజిస్టరులోనో పట్టాలోనో దొరికిన పేరుకు అది ఎక్కడ దొరికిందో రాయించండి. రిజిస్టరులోని పుట్టిన తేదీ పంతులు అంచనాగా వేసింది కావచ్చు, అదీ గుర్తుంచుకోండి. తెలియని గడిని ఖాళీగా వదలనివ్వండి.

పిల్లలూ, ఈసారి అవ్వ దగ్గర కూర్చున్నప్పుడు మనం ఏ రాజు బిడ్డలమని అడగకండి. నువ్వు పుట్టిన ఊరేది, మీ అమ్మ పేరేమిటి, ఏ దారిన ఇక్కడికొచ్చారు అని అడగండి. ముత్తాత పక్కన ముత్తవ్వ పేరు కూడా మన కాగితాల్లో చేరాలి. అది చెప్పగలిగినవాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు.