విడదీయని పేజీలు

ఆదివారం పొద్దున ఆబిడ్స్ వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజు ఈ పదేళ్లలో నాకొక్కటి కూడా గుర్తు లేదు. షాపులన్నీ షట్టర్లు దించుకుని ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంట్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు కుప్పలు పోసి అమ్ముతుంటారు. ఇంజనీరింగ్ గైడ్ల కిందా ఇంగ్లీషు థ్రిల్లర్ల కిందా, ఎవరో పోయాక వాళ్ల పిల్లలు తూకానికి వేసేసిన తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. ఒంగి, గొంతుక్కూచుని, చేతులకి దుమ్ము చేసుకుని వెతకాలి. ఆ వెతుకులాటలో ఒక మత్తుంది. రెండో మూడో సంచిలో వేసుకుని బస్సెక్కితే, వారమంతా చేసిన పాఠాలూ పేపర్లూ మీటింగుల కన్నా ఆ గంటన్నరలోనే ఏదో సాధించినట్టుంటుంది. ఇంటికొచ్చి వాటిని మంచం పక్క వరస మీద పెడతాను. అంతే. మళ్లీ ఆదివారం వస్తుంది.

మొన్న సెలవుల్లో అల్మారాలు సర్దుతూ లెక్కపెట్టాను. అసలు తెరవనివి, తెరిచి ముందుమాటతో ఆపేసినవి కలిపి 412. వారానికి మూడు ఇంట్లోకొస్తుంటే నేను చదివేది ఒకటి, అదీ మంచి వారమైతే. అంటే ఏడాదికి నూరుకి పైగా మిగులు. ఇంకో ముప్ఫై ఏళ్లు కళ్లు బాగుండి, ఏడాదికి యాభై చొప్పున చదివినా మొత్తం 1500. ఈ లెక్క వేసిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. చావు గురించి నేను ఆలోచించింది ఆ రోజే అనుకుంటాను, అదీ కూడికలూ తీసివేతల రూపంలో.

ఇలాంటివాళ్లకి ఓదార్పు మాటలకేం కొదవ లేదు. కొని చదవకుండా పేర్చుకోవడానికి జపాన్ వాళ్లకి ఒక మాటే ఉంది, ‘త్సుందొకు’. నాసిమ్ నికొలస్ తాలెబ్ 2007లో వచ్చిన ‘ది బ్లాక్ స్వాన్’లో ఉంబెర్తో ఎకో గ్రంథాలయం గురించి రాస్తాడు. ముప్ఫై వేల పుస్తకాలట. ఇవన్నీ చదివారా అని అడిగే అతిథి అమాయకుడట. చదివిన వాటికన్నా చదవనివే విలువైనవి, మనకి తెలియనిదెంతో అవి గుర్తు చేస్తుంటాయని ఆయన వాదన. వినడానికి బాగుంది. నేనూ కొన్నాళ్లు అందరికీ అదే చెప్పుకు తిరిగాను. కానీ ఆ ముప్ఫై వేల పుస్తకాల మీద దుమ్ము ఎవరు దులిపేవారు అన్న ప్రశ్న ఆ వాదనలో ఎక్కడా రాదు.

మా ఇంట్లో నేను దులపను. పనిచేయడానికొచ్చే ఆమె దులుపుతుంది. వారానికోసారి వరసలన్నీ దించి, తుడిచి, మళ్లీ పేరుస్తుంది. ఒకరోజు నడుం పట్టుకుని నిలబడి “గివన్నీ సదివినవా అమ్మా?” అంది. లేదన్నాను. “మరెందుకు తెస్తున్నవ్?” అంది. తాలెబ్‌ని ఆమెకి చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఎకో అతిథి అడిగిన ప్రశ్నే ఇది. అడిగినామెని అమాయకురాలు అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు. నా తెలియనితనాన్ని నాకు గుర్తు చేసే ఆ పుస్తకాలు ఆమెకి గుర్తు చేసేది నడుం నొప్పిని.

మా అమ్మ దగ్గర చదవని పుస్తకం ఒక్కటీ ఉండేది కాదు. ఆవిడ చదువుకున్నదంతా అద్దె పుస్తకాల షాపు చలవే. ఇప్పటి పిల్లలకి ఆ షాపులు తెలియవు గానీ, డెబ్భైలు ఎనభైల్లో ఆంధ్రదేశంలో ప్రతి ఊళ్లోనూ వీధికొకటి ఉండేది. రోజుకింతని అద్దె. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి నవలలన్నీ అట్టలు ఊడిపోయి, కుట్లు వదులై, ఎన్ని చేతులు మారాయో తెలిసేలా ఉండేవి. రేపు ఇచ్చేయాలి, లేకపోతే ఇంకో రోజు అద్దె పడుతుంది. కాబట్టి వంటకీ వడ్డనకీ మధ్య, బట్టలు ఆరేసి వచ్చి, పిల్లల్ని నిద్రపుచ్చి, ఎలాగైనా ఈ రాత్రికి అవ్వాలి. వారపత్రికల్లో సీరియల్ వస్తే ప్రతివారం ఆ పేజీలు చించి, సూదీ దారంతో కుట్టి, చివరికి బైండు చేయించేది. ఆ బైండు పుస్తకాల్లో సీరియల్ వెనక పేజీలో సగం వంటింటి చిట్కా, సగం సబ్బు ప్రకటన ఉంటాయి. వాటినీ చదివేది. పుస్తకం సొంతమవడానికి ముందే చదవడం అయిపోయిన మనిషి మా అమ్మ. నాకు సొంతమవడం ముందు అయిపోతోంది.

దీన్ని పాత రోజుల గొప్పగా చెప్పడం నా ఉద్దేశం కాదు. అమ్మ ఆ నవలల్ని దిండు కింద దాచేది. నాన్నమ్మ చూస్తే “నవలల పిచ్చి” అని నాలుగు రోజులు సాధింపు ఉండేది. గడువుతో, భయంతో చదివిన చదువది. ఆ గడువూ ఆ భయమూ లేని చదువు నాకుండాలని ఆవిడ నన్ను చదివించింది. అందుకే ఒక్కోసారి నాకనిపిస్తుంది, నేను ఆబిడ్స్‌లో కొనేది పుస్తకాల్ని కాదు, వాటిని చదివే తీరికని అని. ఆ తీరిక అమ్మకానికి లేదు. ఉన్నది పుస్తకం. ఉద్యోగం, ఇల్లు, జ్వరాలు, పరీక్ష పేపర్లు, ప్రమోషన్ కోసం పాయింట్ల లెక్కలు అన్నీ అయ్యాక ఏదో ఒకనాటికి దొరుకుతుందనుకునే మధ్యాహ్నానికి ఇవి ముందే కట్టిన బయానా. మగవాళ్లు కొనరని కాదు, వాళ్లూ కొంటారు. కానీ ‘ఇదంతా అయ్యాక’ అన్న మాట ఆడవాళ్ల నోట వచ్చినంత అలవాటుగా వాళ్ల నోట రావడం నేను వినలేదు.

బెంగాల్‌లో రాససుందరీదేవి కథ మనలో చాలామందికి తెలుసు. 19వ శతాబ్దంలో, ఆడది చదివితే ముండమోస్తుందని నమ్మే ఇళ్లలో, భర్త చదివే చైతన్య భాగవతం నుంచి ఒక్క ఆకు లాగి వంటింట్లో దాచుకుంది. కొడుకు దిద్దుకునే తాటాకొకటి తీసుకుని, ఆ అక్షరాల్నీ ఈ అక్షరాల్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ రహస్యంగా నేర్చుకుంది. తర్వాత తన జీవితకథ తనే రాసింది. మన భండారు అచ్చమాంబకి బడి చదువు లేదు. ఇంట్లో తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే తనూ పట్టుకుని చదివింది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వేసింది. ముప్ఫై ఒకటో ఏటికే, 1905లో పోయింది. వీళ్లిద్దరినీ నేను క్లాసులో ఏటా చెబుతాను. చెప్పేటప్పుడు గొంతు జీరబోతుంది కూడా. ఒక్క ఆకు కోసం అంత పాటుపడినామెకి నా 412 చూపిస్తే ఏమనేదో అని ఆలోచిస్తాను. సంతోషపడేదేమో. నేను సిగ్గుపడాలని మాత్రం ఆవిడ కోరుకోదనుకుంటాను. సిగ్గు వేరే చోట ఉంది. ఇంతసేపూ నేను చెప్పకుండా తిరుగుతున్నది దాని చుట్టూనే.

ఏడేళ్ల కిందట ఆబిడ్స్‌లోనే 20 రూపాయలకి ఒక కథల పుస్తకం కొన్నాను. 1978లో గుడివాడ నుంచి ఒక రచయిత్రి సొంత డబ్బుతో వేసుకున్నది. వెల ఆరు రూపాయలు. లోపల నీలం సిరాతో, ఎంతో వినయంగా, ఒక పెద్ద విమర్శకుడి పేరు రాసి, ‘మీ అమూల్యాభిప్రాయం కోసం’ అని సంతకం చేసింది. ఆ విమర్శకుడి పేరు ఇక్కడ అనవసరం. ఆడవాళ్ల కథలు గడప దాటి రావని ఆయన రాసిన వాక్యం మీద నా సిద్ధాంత గ్రంథంలో పదకొండు పేజీలు ఉన్నాయి. పుస్తకం తిప్పి చూస్తే మధ్యలో ఒక ఫారం అంచులు సరిగ్గా కోయలేదు. మడతలు మడతలుగానే ఉన్నాయి. అంటే ఆయన ఈ పుస్తకం చదవలేదు! పేవ్‌మెంట్ మీద కూచున్న నాకు గుండె దడదడలాడింది. పరిశోధకులకి ఇలాంటి రుజువు జన్మకొకసారి దొరుకుతుంది.

ఆ పుస్తకాన్ని బాగా వాడుకున్నాను. రెండు సెమినార్లలో ఎత్తి పట్టుకుని చూపించాను. మనల్ని ఎలా చదవకుండా తీర్పు చెప్పారో చూడండి, ఈ పేజీలు విడదీయలేదు, అన్నాను. చప్పట్లు కొట్టారు. రెండో సెమినార్లో ప్రశ్నల సమయానికి వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. కాలేజీలో చేసి రిటైరైనావిడలా ఉంది. మైకు వద్దంది. “కథలెలా ఉన్నాయమ్మా?” అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. పేజీలు ఇంకా మడతలుగానే ఉన్నాయి. రుజువు పాడవుతుందని నేనూ విడదీయలేదు. తక్కిన పేజీలైనా చదివానా అంటే అదీ లేదు. ఆవిడ ఎగతాళికి అడగలేదు, కథలెలా ఉన్నాయో తెలుసుకోవాలని అడిగింది. అదే ఎక్కువ బాధ పెట్టింది. సమయం అయిపోయిందని అధ్యక్షురాలు అందుకుని నన్ను కాపాడింది.

ఆ రాత్రి కూరగాయల చాకుతో పేజీలు కోశాను. మొత్తం పదకొండు కథలు. ఈ పాటికి మీరు ఊహిస్తున్నట్టు ఆ కోయని ఫారంలో అపురూపమైన కథేదీ లేదు. ఒక మామూలు కట్నం కథ, చివర్లో ఆత్మహత్య. తొమ్మిది కథలు అలాంటివే. గడప దాటని కథలు అని నేనే అనేసేదాన్ని, ఆ విమర్శకుడి వాక్యం నాకు తెలియకపోతే. కానీ రెండు కథలు అలా కాదు. ఒకదాంట్లో ఒకామె భర్తకి ట్రాన్స్‌ఫర్ అయి సామాను సర్దుతూ, ఏ డబ్బాలో ఏముందో ఎవరికీ చెప్పకుండా అన్నింటికీ తప్పు చీటీలు అంటిస్తుంది. కారణం చెప్పదు, కథ కూడా చెప్పదు. కొత్త ఊళ్లో ఉప్పు కోసం అందరూ వెతుకుతుంటే ఆమె అరుగు మీద కూచుని ఉంటుంది. ఇదీ గడప కథే. ఆ గడప మీద ఆమె ఎలా కూచుందో చూడాలంటే మాత్రం చదవాలి. ఈ కథ కోయని పేజీల్లో లేదు. తెరుచుకునే ఉన్న పేజీల్లో ఉంది. ఆయనకి అడ్డమేమీ లేదు. నాకూ లేదు.

ఒక స్నేహితురాలికి ఇదంతా చెబితే, “అయితే ఇప్పుడు స్త్రీలు రాసినదల్లా చదివి తీరాలంటావా? అది జాలి మార్కులు వేయడం కాదా?” అంది. అనను. తొమ్మిది చెడ్డ కథలు చదివిన రాత్రిని వెనక్కిమ్మంటే ఇస్తారా అని నాకూ అనిపించింది. పుస్తకం కొన్నంత మాత్రాన దాన్ని చదివే బాధ్యత నా మీద పడదు. అలా అయితే ఎవరూ ఏదీ కొనరు. 412లో ఎక్కువ భాగం పాపం, పుణ్యం ఏదీ లేకుండా అలా ఉంటాయి. ఉండనీ. కానీ కొన్ని ఉన్నాయి. సభల్లో ఎవరో చేతిలో పెట్టి “చదివి ఒక్క మాట చెప్పమ్మా” అన్నవి. తీసుకుంటూ “తప్పకుండా అండీ” అన్నవి. వాటిలో నేనేమీ కొనలేదు, మాట ఇచ్చాను. ఇంకొన్ని, నేను చదవకుండానే నా వ్యాసాల్లో పేరు వాడుకున్నవి. నా సిద్ధాంత గ్రంథం ఉపయుక్త గ్రంథసూచిలో అలాంటివి పద్నాలుగున్నాయి. ఇవి చదివే అక్కయ్యల గ్రంథసూచుల గురించి నేనేమీ అడగను.

ఈ రెండు రకాలూ వేరు చేసి కిటికీ పక్కన పెట్టాను. 67 తేలాయి. పనిచేసే ఆమె చూసి “ఇవి పడేస్తున్నవా?” అంది. కాదు, చదువుతానన్నాను. సరే చూద్దాం అన్నట్టు తలూపి ఆ వరసని కూడా తుడిచింది. ఇది రాసే నాటికి అందులో ఎనిమిది అయ్యాయి. ఇద్దరు రచయిత్రులకి ఫోన్ చేశాను. ఒకరికి ఆ పుస్తకం నాకిచ్చినట్టు గుర్తే లేదు. ఇంకొకావిడ, నచ్చలేదని నేను చెప్పిన కవిత మీద ముప్పావు గంట వాదించింది.

ఆదివారం ఆబిడ్స్ వెళ్లడం మానలేదు. పోయిన వారం కూడా రెండు తెచ్చాను.

గుడివాడ పుస్తకం చివరి పేజీలో ‘ప్రతులకు: రచయిత్రి’ అని, కింద కేరాఫ్ అని భర్త పేరు, వీధి పేరు ఉన్నాయి. ఆమె ఉందో లేదో, ఆ ఇల్లు ఉందో లేదో తెలియదు. అయినా ఉత్తరం రాశాను. తప్పు చీటీల కథ గురించి రెండు పేజీలొచ్చాయి. రెండో కథ గురించి ఒక పేజీ. మిగిలిన తొమ్మిది కథల గురించి ఏం రాయాలో తేలక కవరు ఇంకా అంటించలేదు.