నిందింపని సేవ

మానవజన్మ దుర్లభమని మన పెద్దలు చెప్పుదురు. అట్టి జన్మను తానే ముగించుకొనబోయిన వానిని పాపియని నిందింపవలెనా? ఆర్తుడని ఆదరింపవలెనా? ఈ ప్రశ్నకు ఆలోచించు వ్యవధి లేకయే బదులు చెప్పవలసినవారు వైద్యశాలల అత్యవసర విభాగములలోని నర్సులు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములు వాననో, బోరుబావినో నమ్ముకొన్న మెట్టసీమలు. టమాటా ధర ఒకనాడు ఆకాశమునంటును. మరొకనాడు కోతకూలికైనను చాలదు. అప్పు, పరీక్షలో తప్పుట, కుటుంబకలహము, మనోవ్యాధి ఒకదానికొకటి తోడై మనిషిని క్రుంగదీయును. అట్టివారిని అర్ధరాత్రివేళ తెచ్చినపుడు నర్సు మొదట శ్వాసను, నాడిని చూచును. ప్రక్క మంచముపై ఒకరు బ్రతుకుటకై పెనుగులాడుచుండగా, ఈతడు బ్రతుకే వలదనుకొనెనే యని ఆమె మనస్సు నొచ్చుకొనుటయు కలదు. బంధువులు సిగ్గుచేతనో, పోలీసుల భయముచేతనో నిజము దాతురు. దాచిన కొలది చికిత్స కష్టమగును. నిలుపలేకపోయిన ప్రాణమును తలచుకొనుచునే ఆమె మరియొక మంచము చెంతకు నడచును.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇట్టివారిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారినిగా భావించి, శిక్షకు మారుగా సంరక్షణ నొసగుమన్నది. చట్టము దండింపకున్నను మన నాలుక దండించుచున్నది.

సుందరకాండమును స్మరింతము. సీత జాడ కానరాక హనుమంతుడంతటివాడు మరణమును తలపోసెను; బ్రతికియున్న శుభమును పొందవచ్చునని తనకు తానే నచ్చజెప్పుకొని మరల వెదకెను. అశోకవనమున సీతాదేవి ప్రాణత్యాగమునకు సిద్ధపడినపుడు ఆయన మందలింపలేదు, ధర్మోపన్యాసము చేయలేదు. ఆమె బెదరకుండ మధురముగా రామకథను వినిపించెను.

మంచి నర్సు చేయునదియు ఇదియే. ప్రాణము కుదుటపడిన పిమ్మట ప్రక్కన కూర్చుండి, "నాయనా, ఇంకను చనిపోవలెనని అనిపించుచున్నదా?" యని మెల్లగా అడుగును. అడిగినంతమాత్రమున ఆ తలపు పుట్టదు. లోనిభారము మాటయై వెలికివచ్చుటకు త్రోవ యేర్పడును. ఆత్మహత్యను సమర్థింపనక్కరలేదు, ఆ మనిషిని మాత్రము విడువరాదు.

వైద్యశాల నుండి ఇల్లు చేరిన తొలిదినములు మిక్కిలి జాగ్రత్త వహింపవలసినవి. అప్పుడు నర్సు పని మనదగును. ఒంటరిగా విడువక, ఎత్తిపొడువక, ప్రమాదకరమైన వస్తువులను అందకుండ నుంచి, తోడుండుటయే మన సేవ. టెలి-మానస్ వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును.

భక్తులారా! ఆర్తుని ఎదుట మన నోట నింద కాక ఊరట వెలువడు గాక!