ఆడపడుచు వాటా: చట్టం ఇచ్చింది, మనం ఇచ్చామా?

'పెళ్ళికి కట్నం ఇచ్చాం కదా, ఇంకా వాటా ఏమిటి?' ఆడపిల్ల ఆస్తి ప్రస్తావన రాగానే మన ఇళ్ళలో వినిపించే మాట ఇది. ముస్లింల ఇళ్ళలోనూ ఇదే మాట, హిందువుల ఇళ్ళలోనూ ఇదే మాట. ఇందులో న్యాయమెంతో మనం ఆలోచించవలసి ఉంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1937 నాటి షరీఅత్ చట్టం ముస్లింల వారసత్వానికి షరీఅత్‌నే ఆధారం చేసింది. కాని వ్యవసాయ భూమిని మినహాయించింది. పొలమే ఆస్తి అయిన పల్లెలో ఇక స్త్రీకి మిగిలేదేమిటి? 1949లో మద్రాసు చట్టసభ ఆ మినహాయింపును తొలగించింది. కొల్లేటికోట, కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం అన్నీ ఆనాడు మద్రాసు పాలనలోనివే. అంటే ఈ పొలాల్లో ముస్లిం స్త్రీ వాటాకు చట్టబలం వచ్చి డెబ్బయి అయిదేళ్ళు దాటింది.

హిందూ కుటుంబాల విషయంలోనూ మన రాష్ట్రం ముందే నడిచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కునిచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిన వారికి అది వర్తించలేదు. ఆ షరతు లేకుండా దేశమంతటికీ పార్లమెంటు అదే హక్కునిచ్చింది 2005లో, అంటే ఇరవై ఏళ్ళ తర్వాత.

మరి చట్టాలున్నా వాటా ఎందుకు అందడం లేదు? చట్టం హక్కును ప్రకటించగలదు. హక్కుదారు నోటిని మూయించే భయాన్ని అది తీసివేయలేదు. అన్నదమ్ములు కాగితం ముందుపెట్టి 'సంతకం చెయ్యమ్మా' అంటారు. కాదంటే పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనని ఆమె సంతకం చేస్తుంది. తర్వాత 'మా చెల్లెలు ఇష్టపడే వదులుకుంది' అని నలుగురికీ చెప్పుకుంటాం. అది ఇష్టమా, భయమా?

దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరాలో, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా పురుషులకూ స్త్రీలకూ వాటా ఉందని అల్లాహ్ నిర్ణయించాడు. అదే సూరా మహర్ గురించి చెబుతూ, భార్య మనస్ఫూర్తిగా వదిలిన దానినే భర్త అనుభవించవచ్చని తెలిపింది. చెల్లెలి వాటాకు మాత్రం వేరే నీతి ఉంటుందా? ఆమె మనస్సు తెలుసుకోవాలంటే మార్గం ఒక్కటే. మొదట వాటాను ఆమె చేతికివ్వాలి. ఆ తర్వాత తిరిగి ఇస్తే అది కానుక. ఇవ్వకముందే వ్రాయించుకున్నది కానుక కాదు.

ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన సోదరుడు ఆస్తినంతా తీసుకున్నాడు. ఆయన భార్య ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) వద్ద మొరపెట్టుకున్నారు. వారసత్వ ఆయత్ అవతరించగా, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది తీసుకోమని ప్రవక్త (స) ఆ సోదరునితో చెప్పారు. 24 ఎకరాలనుకుంటే కూతుళ్ళకు 16, తల్లికి 3, అతనికి 5. అంతా తనదేననుకున్న వానికి దక్కింది అయిదెకరాలు!

కుమారునికి రెండు వాటాలు, కుమార్తెకు ఒకటి అనే నియమాన్ని మనం బాగా గుర్తుంచుకుంటాం. ఆ రెండు వాటాలతో పాటు కుటుంబ పోషణ భారమూ పురుషునిదేనని మరచిపోతాం. అతను రెండూ తీసుకుని, ఆమె ఒక్కటీ కలుపుకుంటే దానికి షరీఅత్ పేరు పెట్టవచ్చునా?

'చేపల చెరువును ముక్కలు చేయలేం కదా' అని కొందరంటారు. నిజమే, గట్లు తెంచి చెరువును పంచలేం. కాని అభయారణ్యం హద్దు వెలుపల పట్టాభూమిలో ఉన్న చెరువుకు ఏటా లీజు వస్తుంది. ఆ రూపాయలు పంచడానికి గట్టు తెంచనక్కరలేదు. మనసుంటే వాటాదారుగా చెల్లెలి పేరు కాగితంలో చేర్చవచ్చు.

ఇక కట్నం మాట. 1958లోనే ఆంధ్రప్రదేశ్ కట్న నిషేధ చట్టం చేసింది. పైగా కట్నం వెళ్ళేది అల్లునింటికి, వాటా రావలసింది కూతురి చేతికి. ఒకరికిచ్చి మరొకరి బాకీ తీరిందనడం ఏ లెక్క?

సోదరులారా! చట్టం ముందు సంతకం సరిపోవచ్చు. అల్లాహ్ సన్నిధిలో ఆ సంతకం వెనుక ఉన్న మనస్సు కూడా విచారణకు వస్తుంది. మన తండ్రి పోయిననాడు చెల్లెలికి ఏమి ఇచ్చామో ఈ రోజే లెక్క చూసుకుందాం. బాకీ ఉంటే ఆమె అడగకముందే తీర్చుదాం.