ప్రాణాన్ని పందెం కాసే హక్కు ఎవరిది?

ప్రాణం తీపి అంటారు మన పెద్దలు. చీమకైనా ప్రాణం తీపే. అట్లాంటి ప్రాణాన్ని తెలిసి తెలిసి ప్రమాదంలో పెట్టేవాళ్లను మనం రెండు రకాలుగా పిలుస్తాం. కొందరిని వీరులు అంటాం. కొందరిని తిక్కోళ్లు అంటాం. సరిహద్దులో కాపలా కాసే జవానును ఎవరూ తిక్కోడు అనరు. మంటల్లోకి పోయే ఫైర్ సర్వీసు మనిషిని అనరు. కానీ మోటారు సైకిలు పందేలకు పోతాను అని ఇంట్లో ఒక పిల్లవాడు చెబితే మాత్రం అందరి నోటా ఒకటే మాట వస్తుంది: "నీకేమన్నా తిక్కా?"

మా పెదనాయన కొడుకు ఈ మధ్య ఇదే మాట చెప్పినాడు. అన్నకు పంతొమ్మిదేండ్లు. నరసాపుర పారిశ్రామిక వాడలో పని చేస్తాడు. ఆ పని మాని పూర్తిగా రేసింగ్ నేర్చుకోవాలని ఆయన కోరిక. "నా ప్రాణం నాది, నా ఇష్టం" అన్నాడు. "నీదెట్లరా? తొమ్మిది నెలలు మోసింది నేను, పెంచింది మీ నాయన, రేపు మంచాన పడితే చూసుకోవాల్సింది మేము. అంతా నీదే ఎట్లయితాది?" అని పెద్దమ్మ అడిగింది. ఇద్దరి మాటలూ నాకు న్యాయంగానే తోచినాయి. రెండూ న్యాయమే అయితే నిజం ఎక్కడుంది? దాన్ని వెతుక్కుంటూ ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఈ వృత్తి ఎట్లా ఉంటుందో తెలియాలి. టీవీలో చూసేవాళ్లకు వేగం, కప్పు, చప్పట్లు కనిపిస్తాయి. బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ జీవితం చూస్తే మిగతాది తెలుస్తుంది. 2013లో అబుదాబి ఎడారి పందెంలో ఆయన బండికి మంట అంటుకుని మెడ దగ్గర కాలింది. అంతటితో మానేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. కానీ 2015 జనవరిలో ఆయన డాకర్ ర్యాలీకి పోయినాడు. ప్రపంచంలో అన్నిటికంటే కష్టమైన మోటారు పందెంగా దానికి పేరు. ఆ ఏడాది అది దక్షిణ అమెరికాలో జరిగింది. రెండు వారాల పాటు అర్జెంటీనా, చిలీ, బొలీవియా దేశాల్లో సుమారు 9 వేల కిలోమీటర్లు తోలాలి. బొలీవియాలో ఉయుని అనే ఉప్పు మైదానం మీద వాన నీళ్లు నిలిచి ఉంటే, ఆ ఉప్పు నీళ్లు ఇంజన్లలోకి, వైర్లలోకి పోయి ఎన్నో బండ్లు అక్కడే ఆగిపోయినాయి. బయలుదేరిన బైకుల్లో దాదాపు సగమే చివరిదాకా చేరినాయి. మిచావ్ హెర్నిక్ అనే పోలెండ్ రైడరు ఆ పందెంలోనే చనిపోయినాడు. సంతోష్ 36వ స్థానంలో ముగించి, డాకర్ పూర్తి చేసిన మొదటి భారతీయుడు అయినాడు.

36వ స్థానానికి ఇంత గొప్ప ఏమిటి అని మా క్లాసులో ఒకడు అడిగినాడు. మన పరీక్షల్లో ర్యాంకు చూసే అలవాటుతో అడిగిన ప్రశ్న అది. అక్కడ చివరిదాకా పోయి తిరిగి రావడమే గెలుపు.

ఆ తరువాత కూడా ఆయన పోతూనే ఉన్నాడు. 2021 జనవరి 6న సౌదీ అరేబియాలో, నాలుగో రోజు పందెంలో, పడి తలకు పెద్ద దెబ్బ తగిలింది. హెలికాప్టర్‌లో రియాద్ ఆసుపత్రికి తీసుకుపోయి, మందులతో స్పృహ లేకుండా ఉంచి వైద్యం చేసినారు. ఆయన బతికి ఇంటికి చేరినాడు. మన కోలారు దగ్గర ఉన్న బిగ్ రాక్ డర్ట్ పార్క్ అనే శిక్షణ కేంద్రం ఆయన మొదలుపెట్టినదే. మట్టి దారిలో బండి ఎట్లా తోలాలో, ఎట్లా పడాలో కూడా అక్కడ నేర్పిస్తారు. పడడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే అని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది.

ఇప్పుడు మన ఊరి వైపు చూద్దాం. బేతమంగళలో పుట్టినవాళ్లకు ప్రమాదకరమైన పని అంటే కొత్త కాదు. మన పాలారు చెరువు నీళ్లు పైపుల్లో కేజీఎఫ్‌కు పోయేవి. మన ఇండ్లలోని మనుషులు గనిలోకి పోయేవాళ్లు. 1880ల నుంచి 2001 ఫిబ్రవరి 28న మూతపడే దాకా ఆ గనులు నడిచినాయి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. అంత లోతులో రాతి మీద ఒత్తిడి పెరిగి బండ ఒక్కసారిగా పేలేది. దాన్ని రాక్ బరస్ట్ అంటారు. దానికి తప్పించుకున్నవాళ్లను కూడా రాతి దుమ్ము వదల్లేదు. ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెచ్చింది. మా తాత కూడా గని మనిషే. ఇప్పటికీ రాత్రిపూట దగ్గుతాడు.

అన్న విషయం తాతకు చెబితే ఆయన అన్నాడు: "మేము కూలికి దిగినాము. వీడు సరదాకు దిగతా అంటాడు. రెండూ ఒకటేనా?"

ఈ ప్రశ్న మీద నేను చాలా రోజులు ఆలోచించినాను. ఆకలి కోసం ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టడం న్యాయం, ఇష్టం కోసం పెట్టడం అన్యాయం అని తాత అభిప్రాయం. లోకమంతా ఇట్లాగే అనుకుంటుంది. అయితే నాకు ఇంకో వైపు కనిపిస్తుంది. తాతకు గనిలోకి దిగడం తప్ప వేరే దారి లేదు. కింద ఏ బండ ఎప్పుడు పేలుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. దుమ్ము ఊపిరి తీస్తుందని చెప్పి ముందుగా ఒప్పుకోలు అడగలేదు. పైకి వచ్చిన బంగారం ఆయనది కాదు. దిక్కులేక ఒప్పుకున్న ప్రమాదం కంటే, అన్నీ తెలిసి ఎంచుకున్న ప్రమాదంలో మనిషికి మర్యాద ఎక్కువ కదా? మనం నిజంగా బాధపడాల్సింది ఎవరినైనా పేదరికం ప్రమాదంలోకి తోసినప్పుడు.

అట్లని ఇష్టం ఒక్కటి ఉంటే చాలునా? చాలదు. "తెలిసి ఎంచుకోవడం" అన్నాను. ఎప్పుడు మనిషికి తెలుస్తుంది? 2023 ఆగస్టులో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద బెంగళూరుకు చెందిన ఒక పిల్లవాడు పందెంలో పడి చనిపోయినాడు. వయసు 13. నాకంటే చిన్నవాడు. మంచి రైడరు, గెలుపులు ఉన్నవాడు. అంతకు ముందు 2021లో యూరపులో 14 ఏండ్ల హ్యూగో మిలాన్, 15 ఏండ్ల డీన్ బెర్టా వినాలెస్, 19 ఏండ్ల జేసన్ దుపాస్కియే ఒకే ఏడాదిలో ట్రాక్ మీద చనిపోయినారు. దాంతో ప్రపంచ మోటారు సైకిలు సమాఖ్య ఆలోచించి, 2023 నుంచి గ్రాండ్ ప్రి పందేలకు కనీస వయసు 18 ఏండ్లు అని నియమం పెట్టింది. ఓటు వేయడానికి, పెండ్లికి, లైసెన్సుకు వయసు అడిగే మనం, ప్రాణం పణంగా పెట్టడానికి వయసు అడగకపోతే ఎట్లా? పిల్లవాడికి వేగం తెలుసు, గెలుపు తెలుసు. చావు అంటే ఏమిటో, తాను లేని ఇల్లు ఎట్లా ఉంటుందో తెలియదు. నాకు కూడా తెలియదు. కాబట్టి నా వయసువాళ్లు "నా ప్రాణం నా ఇష్టం" అనడానికి ఇంకా సమయం ఉందని నా అభిప్రాయం.

వయసు వచ్చినవాళ్లకు కూడా తొందర తప్పు చేయిస్తుంది. ఆరుసార్లు మోటోజీపీ చాంపియన్ అయిన మార్క్ మార్కెజ్ 2020లో చేయి విరగ్గొట్టుకుని, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే మళ్లీ బండెక్కడానికి పోయినాడు. చేతిలో వేసిన ప్లేటు విరిగింది. మొత్తం నాలుగు ఆపరేషన్లు అయినాయి. మళ్లీ చాంపియన్ కావడానికి 2025 దాకా పట్టింది. తిరిగి బండెక్కడానికి ధైర్యం కావాలి. ఆగి కాచుకోవడానికి అంతకంటే ఎక్కువ ధైర్యం కావాలేమో.

ఇంకో సంగతి. పందెంలో ఎవరి ప్రాణం పణంగా ఉంది అనేది చూడాలి. ట్రాక్ మీద ఉండేవాళ్లందరూ ఒప్పుకుని వచ్చినవాళ్లు. ఒంటినిండా తోలు బట్టలు, హెల్మెట్, గాలి నిండే చొక్కా. పక్కన డాక్టరు, అంబులెన్సు. మన ఊరి దగ్గర కొత్తగా వచ్చిన ఎక్స్‌ప్రెస్ దారిలో రెండు చక్రాల బండ్లకు అనుమతి లేదు. అయినా సాయంత్రమైతే కుర్రవాళ్లు ఎక్కుతారు, వీలింగ్ చేస్తారు, ఫోనుల్లో తీసుకుంటారు. తలకు హెల్మెట్ ఉండదు. వాళ్లు కూడా తమను రేసర్లు అనే అనుకుంటారు. కానీ ఎదురుగా కారులో వచ్చే కుటుంబం ఏ పందేనికీ పేరు ఇవ్వలేదు. దారి దాటే ముసలవ్వ ఒప్పుకోలు ఎవరూ అడగలేదు. తన ప్రాణం మీద హక్కు గురించి మాట్లాడేవాడు ఇతరుల ప్రాణాన్ని అడగకుండా పందెం కాస్తే, ఆ మాటకే విలువ లేకుండా పోతుంది. దాన్ని ధైర్యం అనకూడదు, దౌర్జన్యం అనాలి.

నిజమైన రేసరు ఎట్లా ఉంటాడో చెప్పడానికి నాకు నచ్చిన ఉదాహరణ ఒకటి ఉంది. 2020 జనవరి 12న డాకర్ ర్యాలీ ఏడో రోజు. సంతోష్ జట్టులోనే ఉన్న పోర్చుగల్ రైడరు పాలో గొన్సాల్వెస్ ఇసుకలో పడిపోయినాడు. వెనకాల వస్తున్న ఆస్ట్రేలియా రైడరు టోబీ ప్రైస్ చూసినాడు. ప్రైస్ అంతకు ముందు ఏడాది విజేత. ఆ రోజు కూడా ముందు వరసలో ఉన్నాడు. ఒక్కో సెకను విలువైనది. అయినా బండి ఆపి, దిగి, సాయం పిలిచి, హెలికాప్టర్ దాకా మోయడానికి చేయి వేసి, గంటకు పైగా అక్కడే ఉన్నాడు. గొన్సాల్వెస్ బతకలేదు. మరుసటి రోజు బైకుల పందెం ఆపేసినారు. ఆయన జట్టు మొత్తం పందెం నుంచి తప్పుకుంది.

డాకర్‌లో ఒక నియమం ఉంది. పడినవాడి కోసం ఆగిన రైడరుకు ఆ పోయిన సమయాన్ని తిరిగి లెక్క కట్టి ఇస్తారు. మంచి చేసినవాడు ఓడిపోకూడదని పెట్టిన నియమం. కానీ ఆగే క్షణంలో ఎవరూ గడియారం లెక్క వేసుకుని ఆగరు. వేగం కోసమే బతికే మనిషి ఆగడం నేర్చుకున్నాడంటే, ఆ వృత్తిలో వేగం కంటే పెద్ద విలువ ఏదో ఉన్నట్టే. మన రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఎంతమంది ఆగుతాం? ఎంతమంది ఫోను తీసి వీడియో పట్టుకుంటాం? మనకు పందెం కూడా లేదు, పోయే సమయం కూడా పెద్దగా లేదు.

ఇంతకీ అన్నది నిజమా, పెద్దమ్మది నిజమా? నాకు తోచింది ఇది. మన ప్రాణం మీద మొదటి మాట మనదే. వయసు వచ్చిన మనిషిని కోరికలు లేని బొమ్మలాగా ఇంట్లో దాచిపెట్టే హక్కు తల్లిదండ్రులకు లేదు. కానీ చివరి మాట మన ఒక్కరిదే కాదు. మనం పడితే మోసేవాళ్లకు అందులో పాలు ఉంది. కాబట్టి వాళ్లతో చెప్పి, వాళ్ల భయం విని, నేర్చుకోవాల్సింది నేర్చుకుని, ఇతరులకు హాని లేని చోట, ఆ పని చేయాలి. చాటుగా చేసే సాహసం సగం దొంగతనమే. అన్న ఇంకా పని మానలేదు. సెలవు రోజుల్లో శిక్షణకు పోవడానికి పెదనాయన ఒప్పుకున్నాడు, పెద్దమ్మ ఇంకా ఒప్పుకోలేదు. మాట్లాడుకుంటున్నారు. ఇంట్లో మాట నడుస్తున్నంత కాలం మంచిదే అని నాకు అనిపిస్తుంది.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. మాలో ఎవరైనా బండ్ల గురించి కలలు కంటే, వెంటనే తిక్క అనవద్దండీ. తిక్క అన్న మాట విన్న పిల్లవాడు ట్రాక్‌కు పోడు, ఎక్స్‌ప్రెస్ దారికి పోతాడు. తోటి విద్యార్థులకు కూడా ఒక మాట. ధైర్యం ఉందా లేదా అని బండి యాక్సిలేటరును అడగవద్దు. పడినవాణ్ణి చూసినప్పుడు మన చేయి బ్రేకు మీదికి పోతుందా లేదా, అక్కడ తెలుస్తుంది.