వేదిక మీది విశ్వాసం

దైవం వైపు మనసు మళ్ళిన మనిషి తన లౌకిక వృత్తిని విడిచి తీరాలా, లేక అందులోనే ఉంటూ దాన్ని ఆరాధనగా మలచుకోవచ్చునా అన్న ప్రశ్న క్రైస్తవ చింతనకు కొత్తది కాదు. 1950లలో అమెరికాలో పుట్టి యువతను ఊపేసిన రాక్ అండ్ రోల్ సంగీతాన్ని మతబోధకులు చాలామంది వాంఛలను రెచ్చగొట్టే పాటగా ఈసడించడంతో, ఆ గాయకుల విషయంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. అమెరికన్ గాయకుడు లిటిల్ రిచర్డ్ 1957లో, కీర్తి శిఖరాన ఉండగానే, ఆ సంగీతాన్ని వదిలి దైవశాస్త్రం చదవడానికి వెళ్ళి, కొన్నేళ్ళకు మళ్ళీ దానివైపే వచ్చాడు.

బ్రిటన్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ వేరే దారి పట్టాడు. 1940లో లక్నోలో పుట్టి, 1948లో కుటుంబంతో ఇంగ్లండు చేరిన ఆయన 1958లో 'మూవ్ ఇట్' పాటతో పేరు తెచ్చుకుని, 1966లో లండన్‌లో అమెరికన్ సువార్తికుడు బిల్లీ గ్రాహం సభలో తన విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటించాడు. పాటలు మానేసి బడిలో మతబోధ చేసే ఉపాధ్యాయుడు కావాలని తలపోసినా, చివరికి వేదికను వదలలేదు. ఆ నిర్ణయానికి ఆధారం 16వ శతాబ్దపు సంస్కర్త మార్టిన్ లూథర్ బోధలో దొరుకుతుంది: మఠవాసికే కాదు, చెప్పులు కుట్టేవానికీ కమ్మరికీ రైతుకూ వారి పనే దేవుడిచ్చిన పిలుపు, అంటే ఇతరులకు సేవచేయమని అప్పగించిన బాధ్యత. అయితే చెప్పులు కుట్టేవాడు అమ్మేది చెప్పులనే, తనను కాదు. జనరంజక గాయకుడు మాత్రం తన రూపాన్నీ, జనం తనపై పెంచుకున్న మోజునూ కూడా అంగట్లో పెట్టవలసి వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీన్ని లూథర్ సూత్రం ఒక్కటే తీర్చలేదు.

1999లో క్లిఫ్ రిచర్డ్ యేసు శిష్యులకు నేర్పిన పరలోక ప్రార్థనను, ఆంగ్లేయులు కొత్త సంవత్సరపు రాత్రి పాడుకునే స్కాట్లండు జానపద బాణీలో పాడి, 'మిలేనియం ప్రేయర్'గా విడుదల చేయబూనినప్పుడు ఆ చిక్కు బయటపడింది. ఆయన దీర్ఘకాలం పాడిన ఈ.ఎం.ఐ. సంస్థ దాన్ని వెలువరించడానికి ఒప్పుకోలేదు. రేడియో కేంద్రాలు అనేకం వినిపించలేదు. అయినా వేరే సంస్థ ద్వారా వచ్చి, మూడు వారాలు బ్రిటన్‌లో అగ్రస్థానంలో నిలిచింది. ప్రార్థనను సరుకు చేశాడన్న ఆక్షేపణ తేలిగ్గా తోసేయదగింది కాదు, ఎందుకంటే ఆ ప్రార్థన ఉన్న మత్తయి సువార్త 6వ అధ్యాయమే, మనుషులు చూడాలని వీధి మలుపుల్లో ప్రార్థించేవారిని మందలించి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమంటుంది. కానీ అక్కడ తప్పుపట్టింది చోటును కాదు, మెప్పు కోసం ప్రాకులాటను. అదే సువార్తలోని కొండమీది ప్రసంగం దీపాన్ని దాచవద్దని కూడా చెబుతుంది. ఈ రెండు ఆదేశాల నడుమ నడవడం ఎంత కష్టమో, లక్షలమంది కళ్ళు తనమీదే ఉన్న గాయకుడికి తెలిసినంతగా మఠవాసికి తెలియదు.

ఆ పాట ఆదాయం పిల్లల సహాయనిధికి వెళ్ళింది. అంతకుముందే ఆయన క్రైస్తవ సేవాసంస్థ టియర్ ఫండ్ కోసం కచేరీలు చేసి, 1973లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాలను స్వయంగా చూసివచ్చాడు. వరుసగా అయిదు దశాబ్దాల్లో బ్రిటన్ అగ్రస్థానం అందుకున్న ఆ గాయకుడి మనసులో ఏముందో పరులు తూచలేరు గాని, వేదికను వదలకపోవడం విశ్వాసానికి ద్రోహమన్న వాదం మాత్రం ఆయన విషయంలో నిలబడదు.