నిలబడ్డ కాలు

మా నాయన మొహం చూడకుండా, కాలు చూసి మనిషి పేరు చెప్పేవాడు. అరిగిన చెప్పు చేతికిస్తే చాలు, ఇది మడమ మీద బరువేసేవాడిది, ఇది బొటనవేలు నొక్కి నడిచేవాడిది అనేవాడు. లందలో తోలు నానేసి, రంపెతో కోసి, ఆరెతో కుట్టి ఊరందరి కాళ్లకీ చెప్పులు తొడిగిన మనిషి. ఊళ్లోకి పోయేటప్పుడు తన చెప్పులు మాత్రం చంకలో పెట్టుకునేవాడు.

కాలు గురించి నా మొదటి చదువు అది. రెండోది పట్నంలో, హాస్టల్లో ఉండి ఇంటరు చదివేటప్పుడు, కరాటే మాస్టారి దగ్గర. ఎందుకు చేరానో దాచను, బ్రూస్ లీ సినిమా చూసి. చేరాక రెండు సంగతులు నన్ను కట్టిపడేశాయి. ఏ కులపోడైనా సరే, చెప్పులు బయట విప్పాల్సిందే. నేను వంగి దణ్ణం పెడితే ఎదుటివాడూ వంగాల్సిందే. మా వంశంలో వంగినవాళ్లు చాలామంది. తిరిగి వంగినవాణ్ణి నేనక్కడే చూశాను.

మవాషి గెరి, అంటే గుండ్రంగా తిరిగొచ్చే తన్ను, పట్టుబడడానికి నాకు ఏడాది పట్టింది. మోకాలు మడిచి పక్కకి ఎత్తుతాం, నడుము తిప్పుతాం. ఆ తిప్పుడుతో మోకాలి కింది కాలు కొరడాలాగా బయటికొచ్చి, పాదం పైభాగంతోనో, వేళ్లు వెనక్కి విరిచి మునిపాదంతోనో, ఎదుటివాడి పక్కటెముకలకో దవడకో తగులుతుంది. కొత్తవాళ్లందరూ ఎత్తిన కాలునే చూస్తారు. మాస్టారు నేల మీది కాలిని బెత్తంతో తట్టేవాడు. దాని మడమ ఎదుటివాడి వైపు తిరగాలి. అది తిరక్కపోతే నడుము తిరగదు, తన్నుకి బలముండదు, పైగా నిలబడ్డ మోకాలే మెలిపడి దెబ్బతింటుంది. మా పోటీల్లో ఇంకో నియమం. తన్ను దవడ దాకా పోయి వెంట్రుకవాసిలో ఆగాలి. తగిలించడం కంటే ఆపడమే కష్టం.

1987 ఎండాకాలం సెలవులకి ఊరొచ్చాను. ఒక ఆసామి కొడుకు, నా ఈడువాడే, కొత్త చెప్పులు బిగుతుగా ఉన్నాయని మా నాయనని కళ్లం దగ్గరికి పిలిపించాడు. నేనూ వెంట పోయాను. నాయన గొంతుక్కూర్చుని చెప్పు చూస్తున్నాడు. వాడు మాట్లాడుతూ మాట్లాడుతూ పాదంతో నాయన భుజాన్ని నెట్టాడు. గట్టిగా కూడా కాదు, గేదెని పక్కకి జరగమన్నట్టు. నా మోకాలు లేచింది. నేను లేపలేదు, లేచింది. మడమ తిప్పబోయాను, తిరగలేదు. కింద నాయన రెండు చేతులతో నా నిలబడ్డ కాలు పట్టుకున్నాడు.

బతుకంతా ఊరోళ్ల కాళ్లు పట్టుకున్న మనిషి.

ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. "ఆడి దవడ పగలగొట్టి నువ్వు బస్సెక్కి హాస్టలుకి పోతావు. రేత్రికి వాళ్లొచ్చేది ఎవురి గుమ్మంలోకిరా?" అన్నాడు. అప్పటికి కారంచేడు జరిగి రెండేళ్లు నిండలేదు. 1985 జులైలో అక్కడ మాదిగలు తాగే నీళ్లు పాడుచెయ్యొద్దన్నందుకు గొడవైతే, కొరడా ఎత్తినవాళ్ల ముందు మున్నంగి సువార్త బిందె ఎత్తింది. 17న పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. బిందె ఎత్తింది ఒక్క మనిషి, వాళ్లు వేటాడింది పల్లె మొత్తాన్ని.

కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదని గిచిన్ ఫునకోషి తన ఇరవై నియమాల్లో పెట్టాడు. ఒకినావా విద్యని 1922లో టోక్యోలో ప్రదర్శించిన పెద్దమనిషి ఆయన. ఇది ఆయుధాల్లేని రైతులు పుట్టించిన విద్య అని మాస్టారు చెప్తే పొంగిపోయాను. తర్వాత చదివితే తెలిసింది, తొలి గురువుల్లో ఎక్కువమంది రాజకొలువు కుటుంబాలవాళ్లే. ఫునకోషిదీ ఆ తరగతే, అందులో కిందిమెట్టు. ఆయన నేర్చిన పాత కటాల్లో మా గుండ్రటి తన్ను కనపడదు. దాన్ని తెచ్చింది ఆయన కొడుకు యోషితక అని చెబుతారు. నియమం మంచిదే. కాకపోతే బరిలో ఇద్దరే ఉన్నారనీ, ఇంకా ఎవరూ ఎవర్నీ కొట్టలేదనీ అది అనుకుంటుంది. మా నాయన భుజం మీద పడ్డ పాదం ఎన్నో దెబ్బ? మా తాత చెప్పులు చంకలో పెట్టుకు నడిచిన కాలం నించి లెక్కెయ్యాలా, ఆ పొద్దుటి నించేనా? లెక్క ఎక్కడ మొదలవ్వాలో చెప్పేది ఎవరు?

దీనికన్నా నన్ను ఎక్కువ కాల్చిన ప్రశ్న ఇంకోటుంది. పోటీలో వెంట్రుకవాసిలో తన్ను ఆపితే నిగ్రహమని చప్పట్లు కొట్టారు. కళ్లంలోనూ కాలు గాల్లోనే ఆగింది. చూసేవాడికి రెండూ ఒకటే. తన్నినా తన ఇల్లు కాలదని తెలిసి ఆపుకున్నవాడిది నిగ్రహం. మాదేమిటి? పిరికితనమంటే ఒప్పుకోను. నాయన ఆ ఒక్క క్షణంలో పల్లెలో ఇళ్లన్నీ లెక్కేశాడు, అది పిరికివాడి లెక్క కాదు. ఓర్పు అని పొగిడితే అసలే ఒప్పుకోను. మా ఓర్పుని పొగిడినవాళ్లంతా దాని మీద బతికినవాళ్లే.

నాయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు సాయంత్రాలు పల్లె పిల్లలకి నేను నేర్పుతున్నాను. ఫునకోషి నియమమూ చెప్తాను. మొన్న ఏడో తరగతి పిల్ల ఒకతె కాలు దించి అడిగింది.

"అన్నా, కులం పేరుతో తిడితే అది మొదటి దెబ్బా, కాదా?"

దెబ్బే అన్నాను. తన్నమని మాత్రం నోరు రాలేదు. మడమ ఇంకా తిరగాలమ్మా అని వంగి ఆమె నిలబడ్డ కాలిని సరిచేశాను.