మొదటి అట్టు అగ్నికి

భృగువు తన తండ్రి వరుణుడి దగ్గరికి వెళ్లి బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని అడిగాడు. తపస్సు చేసి తెలుసుకోమన్నాడు తండ్రి. తపస్సులో కొడుక్కి మొట్టమొదట తట్టింది అన్నం. ప్రాణులన్నీ అన్నం వల్లే పుడుతున్నాయి, దాంతోనే బతుకుతున్నాయి, చివరికి అందులోనే కలుస్తున్నాయి కాబట్టి అదే బ్రహ్మమనుకున్నాడు. తండ్రి మళ్లీ తపస్సుకు పంపాడు. ప్రాణం, మనసు, విజ్ఞానం దాటి చివరికి ఆనందం దగ్గరికి చేరాడు భృగువు. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి చెప్పే ఈ కథ చాలామందికి తెలుసు. ఆ తర్వాతి అనువాకాల మీద మాత్రం మన చూపు అంతగా నిలవదు. ఆనందం అందిన వెంటనే ఉపనిషత్తు మళ్లీ అన్నం దగ్గరికే వస్తుంది. అన్నాన్ని నిందించకు, కాదని తోసెయ్యకు, సమృద్ధిగా సమకూర్చు, గుమ్మంలోకి వచ్చినవాణ్ణి వెళ్లగొట్టకు అని వ్రతాలు విధిస్తుంది. బ్రహ్మజ్ఞానం కలిగినవాడికి కూడా పొయ్యి దగ్గరి ధర్మం తప్పదన్నమాట.

ఈ మాట నా మనసుకు పట్టడానికి భాష్యాలకంటే ముందు సాయపడింది కోనసీమలో మా ఊరి కాలువగట్టు మీది అట్ల దుకాణం.

దుకాణమని పేరేగానీ అదొక తాటాకు పాక. లోపల మట్టిపొయ్యి, దాని మీద బరువైన ఇనప పెనం, పక్కన పిండి తపేలా, కూర్చోడానికి రెండు చెక్కబల్లలు. పొయ్యిలోకి ఎండిన కొబ్బరి డొక్కలు. కోనసీమలో వాటికి కరువు లేదు. అట్లు పోసే ఆవిణ్ణి చిన్నా పెద్దా అందరూ ‘మామ్మ’ అనే పిలిచేవారు. తెల్లవారుజామున కాలువలో స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, పొయ్యికి పసుపు బొట్టు పెట్టి, అప్పుడు నిప్పు రాజేసేది. మినపట్టుకి పప్పు ఒక పాలు, బియ్యం రెండు పాళ్లు. మధ్యాహ్నం నానబోసి, దీపాలవేళకు రుబ్బురోటి ముందు కూర్చునేది. పొత్రం తిరుగుతున్నంతసేపూ రామనామం సాగేది. పిండి తపేలాలోకి ఎత్తి, మూతపెట్టి, “నా పని అయింది, ఇక నీ పని నువ్వు చూసుకో తండ్రీ” అనేది.

పప్పులోనే కంటికి కనిపించని సూక్ష్మజీవులుంటాయనీ, పిండిని పులియబెట్టి పొంగించేవి అవేననీ తర్వాత చదువుకున్నాను. చదివాక కూడా మామ్మ మాట నాకు చిన్నదనిపించలేదు. నానబెట్టడం, రుబ్బడం మన చేతిలో ఉన్నాయి. పొంగడం మన చేతిలో లేదు. మార్గశిరపు చలిలో ఒక్కోరోజు పిండి లేచేది కాదు. అప్పుడు తపేలాను వెచ్చటి పొయ్యి పక్కకు జరిపి, వచ్చినవాళ్లతో “కాస్త ఆగండి నాయనా, ఇంకా లేవలేదు” అనేది. విసుగు లేదు, కంగారు లేదు. కర్మ చెయ్యి, ఫలం మీద అధికారం నీది కాదు అని గీత చెప్పింది. ఆ మాటను అంత నిబ్బరంగా ఆచరించిన మనుషుల్ని నేను పెద్దయ్యాక చాలా తక్కువగా చూశాను.

పెనం మీద నీళ్లు చిలకరించేది. చుక్కలు గంతులేస్తూ పరుగెడితే కాక సరిపోయినట్టు. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనమంతా రాసేది. గరిటెడు పిండి నడిమధ్యన పోసి, మధ్య నుంచి అంచుకు తిప్పుకుంటూ వెళ్లేది. ఆ మొదటి అట్టు ఎవరికీ అమ్మేది కాదు. పాకముందు ఎందరు నిలబడ్డా సరే, అందులోంచి చిటికెడు తుంచి నిప్పుల్లో వేసి దణ్ణం పెట్టుకునేది. ఒక ముక్క కాకులకు పాక చూరు మీద, ఒక ముక్క గట్టు మీద పడుకున్న కుక్కకు. మిగిలింది చేతిలో డబ్బులు లేక దూరంగా నిలబడ్డ పిల్లాడికి. అలాంటి పిల్లాడొకడు మా ఊళ్లో ఎప్పుడూ ఉండేవాడు. “ఇలా రారా, మొదటట్టు పెనానికి అంటుకుని చిరిగింది, దీన్ని ఎవరు కొంటారు, నువ్వు తినెయ్” అనేది. పెట్టినట్టు కనపడకుండా పెట్టేది.

గృహస్థు రోజూ చెయ్యాల్సిన యజ్ఞాలు ఐదని ధర్మశాస్త్రాలు చెబుతాయి: బ్రహ్మయజ్ఞం, దేవయజ్ఞం, పితృయజ్ఞం, భూతయజ్ఞం, మనుష్యయజ్ఞం. మామ్మకు ఈ పేర్లు తెలుసో లేదో నాకు తెలియదు. నోట రామనామం, అగ్నికి చిటికెడు, పెద్దల్ని తలుచుకుని కాకికి ముద్ద, కుక్కకు ముక్క, ఆకలిగా ఉన్న పిల్లాడికి అట్టు. ఐదూ ఆ పొయ్యి ముందే పూర్తయ్యేవి. తనకోసమే వండుకునేవాడు పాపాన్నే తింటున్నాడని కృష్ణుడు మూడో అధ్యాయంలో ఎంత కటువుగా అన్నాడో గీత చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. యజ్ఞంలో మిగిలింది తినేవారు ధన్యులన్నాడు. మామ్మ తినేది కూడా మిగిలిందే. అందరూ వెళ్లాక, తపేలా అడుగున గోకితే వచ్చిన పిండితో ఒక చిన్న అట్టు పోసుకునేది.

ఆ పాకలో వరస అంటే వరసే. ఊళ్లో వేరే చోట్ల ఎవరెక్కడ కూర్చోవాలో, ఎవరి గ్లాసు ఎవరిదో అన్న పట్టింపులుండేవి. అవి నా కళ్లతో చూశాను, ఇప్పటికీ బాధ కలుగుతుంది. మామ్మ దగ్గర ముందొచ్చినవాడికి ముందు. చేలోకి వెళ్లే పాలేరుకి పెట్టాకే మోతుబరి కొడుక్కి. అదే అరిటాకు ముక్క, అదే అల్లం పచ్చడి, అదే బల్ల.

ఆదివారాలు మా అమ్మ నాకు గిన్నె ఇచ్చి పెసరట్లు తెమ్మనేది. పెసలు రాత్రి నానబోసి, పొద్దున్నే అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బిన పచ్చటి పిండి. పులియబెట్టేది ఉండదు. గిన్నెతోబాటు ఇంకో చిన్న సత్తు డబ్బాలో మజ్జిగో, కూరో పోసిచ్చి, “మామ్మ తిందో లేదో కనుక్కురా” అనేది అమ్మ. నేనడిగితే మామ్మ నవ్వి, “మీరు తింటున్నారుగా” అనేది. డబ్బా మాత్రం తీసుకుని కళ్లకద్దుకునేది.

మా గోదావరి ఒడ్డుకు ఆకలి కథ ఒకటుంది. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలోనూ కాశీఖండంలోనూ చెప్పాడు. కాశీలో వ్యాసుడికి భిక్ష దొరకలేదు. అష్టాదశ పురాణాలు రాసిన ఆ మహర్షి ఆకలికి తాళలేక పుణ్యక్షేత్రాన్నే శపించబోయాడు. అప్పుడొక ఇంటి వాకిట్లో ముత్తయిదువ కనిపించి, మెత్తగా మందలించి, శిష్యులందరితో కలిసి భోజనానికి రమ్మంది. ఆమె అన్నపూర్ణ. ఈశ్వరుడు కాశీ విడిచి పొమ్మన్నది ఆ భోజనం తర్వాతే. వ్యాసుడు మా గోదావరి సీమలోని దక్షారామం చేరింది అలాగే. తప్పు చెయ్యబోయినవాడైనా ముందు కడుపు నింపి పంపింది తల్లి. చిరిగిన అట్టని అబద్ధమాడి పిల్లాడి చేతిలో పెట్టిన మామ్మను తలుచుకుంటే నాకు ఆ వాకిలే కనిపిస్తుంది.

మాకు ఇంకా దగ్గరి మనిషి డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి లంకల గన్నవరంలోని తన ఇంట్లో వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా వండిపెట్టింది. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని బయలుదేరి, దారిలో ఆకలితో ఉన్న పెళ్లివారు సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుందని అనుకోవడం విని, వెంటనే ఇంటికి తిరిగి వెళ్లి వాళ్లకు వండిపెట్టిందని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. వైనతేయ పాయ మీది అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి 2024 నుంచి ఆమె పేరే. దర్శనానికి వెళ్తూ వెనక్కి తిరిగిన ఆ క్షణంలోనే ఆమెకు స్వామి దర్శనమైందని నా నమ్మకం.

అట్లకూ దైవానికీ ఉన్న బంధం మన ఆడపడుచులకు చెప్పనక్కర్లేదు. అట్లతద్ది, అంటే ఆశ్వయుజ బహుళ తదియ నాడు తెల్లారకముందే చద్దన్నం తిని, ఉయ్యాలలూగి, పగలంతా ఉపవాసముండి, చంద్రుణ్ణి చూశాక గౌరీదేవికి అట్లు నివేదించి, ముత్తయిదువలకు వాయనమిస్తారు. మినుములు రాహువుకు, బియ్యం చంద్రుడికి ప్రీతి అంటారు, అట్లు కుజుడికి ఇష్టమంటారు. మధురై దగ్గర అళగర్ కోయిల్లో దోసే స్వామి ప్రసాదం. తిరుమలలోనూ స్వామివారి నైవేద్యాల్లో దోసె ఉంది. మామ్మ అట్లతద్దినాడు సాయంత్రం అమ్మకం కట్టేసేది. పిండికి స్తోమత లేని ఇళ్ల ఆడపిల్లల్ని పాకకు పిలిచి, వాళ్ల వాయనానికి కావలసిన అట్లు వాళ్ల చేతే పోయించేది. “ఇస్తినమ్మ వాయనం” అన్న మాట ఏ పిల్లా ఆ రోజు అనకుండా ఉండకూడదని ఆమె పట్టుదల.

ఈసారి అట్లతద్దికి మీ ఇంట పిండి రుబ్బేటప్పుడు రుబ్బుకోలేని ఇంటి కోసం ఇంకో సోలెడు నానబోయండి. పొద్దున్నే మీ వీధి మలుపులో పెనం ముందు నిలబడి అట్లు పోసే మనిషి ఎవరైనా ఉంటే, డబ్బులిచ్చి వెళ్లిపోకుండా, వాళ్లు తిన్నారో లేదో ఒక్కసారి కనుక్కోండి.